గావోకావో ఇంగ్లిష్: చైనా హైస్కూల్ పిల్లల పదాలు, వాక్యాలు, పాసేజీలు – తరచుగా అడిగే ప్రశ్నలు

చైనాలో ఉంటూ పక్కింటి పిల్లలకు ఇంగ్లిష్‌లో సాయం చేసే తెలుగువాళ్లు, అక్కడి పద్ధతి ఏమిటో తెలుసుకోవాలనుకునే మన ఇంగ్లిష్ టీచర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. జవాబులన్నీ చైనా సీనియర్ హైస్కూల్ పిల్లలను, అంటే మన లెక్కలో పది, పదకొండు, పన్నెండు తరగతుల వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అక్కడ ఈ మూడేళ్లను గావో యీ, గావో అర్, గావో సాన్ అంటారు. గావో సాన్ అంటే ఆఖరి ఏడాది. ఆ పేరు చెబితే చాలు, ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది.

చైనా పిల్లలకు ఇంగ్లిష్ అంత ముఖ్యమా? ఇంజినీరింగ్‌కి వెళ్లేవాడికి ఎందుకు?

యూనివర్సిటీ సీటు తేల్చేది గావోకావో అనే పరీక్ష. ఏటా జూన్ 7న మొదలవుతుంది. చాలా ప్రావిన్సుల్లో మొత్తం 750 మార్కులు. అందులో చైనీస్ భాషకు 150, లెక్కలకు 150, ఇంగ్లిష్‌కు 150. ఫిజిక్స్‌కైనా కెమిస్ట్రీకైనా 100 దాటవు. అంటే మెకానికల్ ఇంజినీర్ కావాలనుకునే కుర్రాడికి కూడా ఫిజిక్స్ కన్నా ఇంగ్లిషే ఎక్కువ మార్కుల సబ్జెక్టు. మన జేఈఈలో, నీట్‌లో, ఎప్‌సెట్‌లో ఇంగ్లిష్ పేపరే ఉండదు కాబట్టి ఈ సంగతి మనకు ఒక పట్టాన ఎక్కదు.

పోటీ సంగతి చెప్పాలంటే, 2024లో ఈ పరీక్షకు పేరు నమోదు చేసుకున్నవాళ్లు కోటీ 34 లక్షల 20 వేల మంది. ఒక్క మార్కు తేడాలో వేల ర్యాంకులు మారిపోతాయి.

ఇంగ్లిష్ బదులు వేరే భాష తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. రష్యన్, జపనీస్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ కూడా ఉన్నాయి. ఇంగ్లిష్‌లో బాగా వెనకబడినవాళ్లు కొందరు జపనీస్‌కి మారుతుంటారు. జపనీస్‌లో చైనా అక్షరాలు చాలా ఉంటాయి కాబట్టి వాళ్లకు అది కాస్త దగ్గరగా అనిపిస్తుంది. అయినా ఎక్కువమంది రాసేది ఇంగ్లిషే.

పేపర్ ఎలా ఉంటుంది?

జూన్ 8 మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా, రెండు గంటలు. ఇప్పుడు చాలా ప్రావిన్సుల్లో వాడుతున్న జాతీయ పేపర్ ప్రకారం విన్నదానికి జవాబులు గుర్తించే లిజనింగ్ 30 మార్కులు. తర్వాత నాలుగు పాసేజీలు, 15 బిట్లు, బిట్టుకు రెండున్నర మార్కులు. ఆ వెంటనే ‘ఏడింట్లో ఐదు’ అనే బిట్టు వస్తుంది. ఒక పాసేజీలో ఐదు వాక్యాలు తీసేసి, కింద ఏడు వాక్యాలు ఇస్తారు. ఏది ఎక్కడ అతుకుతుందో చెప్పాలి. మిగిలే రెండూ మోసం చేయడానికి పెట్టినవే. ఇది 12.5 మార్కులు.

తర్వాత నాలుగేసి ఆప్షన్లతో 15 ఖాళీలున్న కథ ఒకటి, 15 మార్కులు. ఆప్షన్లు లేకుండా సొంతంగా నింపాల్సిన గ్రామర్ ఖాళీలు పది, మరో 15. చివర్లో రాత పని రెండు: ఉత్తరం లాంటి చిన్న రచన 15 మార్కులు, సగంలో ఆపిన కథను పూర్తి చేయడం 25 మార్కులు.

అన్నిచోట్లా ఇదే పేపర్ కాదు. బీజింగ్, షాంఘై, తియాన్‌జిన్ సొంత పేపర్లు పెట్టుకుంటాయి. గ్వాంగ్‌డాంగ్‌లో వినడం, మాట్లాడడం కలిపి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి విడిగా పరీక్షిస్తారు. అందుకే ఎవరికైనా సాయం చేసే ముందు ‘మీది ఏ ప్రావిన్స్?’ అని అడగడం మొదటి పని. ఇల్లు ఉన్న ఊరు వేరు, పరీక్ష రాసే ఊరు వేరు కావచ్చు. ఊరు మారినా పిల్లవాడి రిజిస్ట్రేషన్ సొంత ప్రావిన్స్‌లోనే ఉండిపోవడం చైనాలో మామూలే.

ఎన్ని పదాలు రావాలి? ఒకరు 3,000 అంటారు, ఇంకొకరు 3,500 అంటారు.

ఏళ్ల తరబడి అందరి నోళ్లలో నలిగిన అంకె 3,500. ఇప్పటికీ పుస్తకాల షాపుల్లో ఆ అంకెతోనే పదాల పుస్తకాలు అమ్ముతారు. 2017లో వచ్చిన పాఠ్య ప్రమాణాల్లో, వాటిని 2020లో సవరించిన ప్రతిలో, చివర జత చేసిన జాబితాలో ఉన్నవి సుమారు 3,000. దీనిలో సగం జూనియర్ హైస్కూల్లోనే అయిపోవాలి. కోరుకున్నవాళ్లు పై మెట్టుకు వెళ్లి 4,000 దాకా నేర్చుకోవచ్చు.

నా అభిప్రాయం అడిగితే, ఈ అంకెల గొడవలో పడి టైమ్ పాడుచేసుకోవద్దు. గావో సాన్‌లో మార్కులు పోగొట్టుకునే పిల్లల పేపర్లు తిరగేస్తే, అసలు తెలియని పదం వల్ల పోయినవి కొద్దే కనిపిస్తాయి. తెలుసనుకున్న పదం వల్ల పోయినవే ఎక్కువ. ఆ సంగతి కింద వివరంగా రాశాను.

పదాల పుస్తకం మొదలుపెట్టి పది పేజీలకే వదిలేస్తున్నారు. ఏం చేయాలి?

ఇది చైనా అంతా తెలిసిన జోకు. పదాల పుస్తకాలు అక్షర క్రమంలో ఉంటాయి. మొదటి పేజీలో మొదట కనిపించే పదం ‘అబాండన్’. వదిలేయడం అని అర్థం. పిల్లలు ఆ ఒక్క పదం బాగా నేర్చుకుని పుస్తకాన్ని నిజంగానే వదిలేస్తారు. తర్వాతి సెమిస్టర్‌లో మళ్లీ అదే పదంతో మొదలు. ఎవరిని అడిగినా ‘అ’తో మొదలయ్యే పదాలు దడదడ చెబుతారు, ‘ఎస్’ దగ్గరకొస్తే నీళ్లు నములుతారు.

కాబట్టి అక్షర క్రమాన్ని పక్కన పెట్టండి. పాఠం వారీగా నేర్పండి, లేదా పాత పేపర్లలో వచ్చిన పాసేజీ వారీగా. పదం కథలోంచి వస్తే దాని పక్కనున్న మాటలు కూడా వెంట వస్తాయి. ‘అటెన్షన్’ ఒక్కటే నేర్చుకున్న పిల్లాడు రాసేటప్పుడు దాని ముందు ఏ క్రియ పెట్టాలో తెలియక తడబడతాడు. ‘పే అటెన్షన్ టు’ అని ఒకే ముద్దగా నేర్చుకున్నవాడికి ఆ బాధ ఉండదు.

ఇంకో సలహా: పదాలను రెండు గుంపులు చేయండి. చూస్తే గుర్తుపడితే చాలు అనేవి ఒక గుంపు. సొంతంగా రాయగలగాలి అనేవి ఇంకో గుంపు. రెండోది మొదటి దానిలో నాలుగో వంతు ఉన్నా చాలు. అన్ని పదాలనూ స్పెల్లింగుతో సహా కంఠతా పట్టించాలని చూడటమే పిల్లలు చేతులెత్తేయడానికి సగం కారణం.

ఫోన్ యాప్‌లు పనిచేస్తాయా?

బాయ్‌త్సిజాన్, మోమో లాంటివి చైనా పిల్లల్లో బాగా వాడుకలో ఉన్నాయి. మొదటిది బొమ్మలతో నేర్పుతుంది. రెండోది మర్చిపోయే సమయానికి సరిగ్గా ఆ పదాన్ని మళ్లీ ముందుకు తెస్తుంది. 1885లో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మానసిక శాస్త్రవేత్త మరుపు మీద ప్రచురించిన లెక్కలే ఈ ఆలోచనకు మూలం. సూత్రం మంచిదే. చిక్కు ఎక్కడంటే, నాలుగు బొమ్మల్లో సరైనది నొక్కడం గుర్తుపట్టడమే అవుతుంది, రాయడం రాదు. పైగా 2021 నుంచి స్కూల్లోకి ఫోన్ తేవడం మీద ప్రభుత్వ ఆంక్షలున్నాయి. హాస్టల్ పిల్లలకు ఫోన్ వారాంతంలోనే చేతికి వస్తుంది. వారంలో ఐదారు రోజులు జేబులో పట్టే చిన్న పుస్తకమే దిక్కు. భోజనం లైన్లో నిలబడి ఆ పుస్తకం తిరగేసే పిల్లలు గావో సాన్‌లో కనిపిస్తూనే ఉంటారు.

పదాలన్నీ వచ్చు, కానీ పాసేజీ అర్థం కావట్లేదు. ఎందుకు?

ఒక పదానికి ఒకే అర్థం నేర్చుకున్నారు కాబట్టి. చైనాలో టీచర్లు దీన్ని ‘తెలిసిన పదం, తెలియని అర్థం’ అంటారు. పేపర్ సెట్ చేసేవాళ్లకు జాబితా దాటి కొత్త పదాలు ఇష్టమొచ్చినట్టు వాడే వీల్లేదు. అందుకని ఉన్న పదాల్లోనే మెలిక పెడతారు.

ఉదాహరణకి ‘కంపెనీ’. అందరికీ తెలిసిన పదమే. పాసేజీలో ఒక ముసలాయన తన కుక్క గురించి చెబుతూ ‘హి ఈజ్ గుడ్ కంపెనీ’ అంటాడు. పిల్లాడు దాన్ని మంచి వ్యాపార సంస్థ అనుకుని ముందుకు వెళ్తాడు. రెండు వాక్యాల తర్వాత అయోమయం. అక్కడ దాని అర్థం తోడు. ‘అడ్రస్’ అంటే చిరునామా అని మాత్రమే తెలిస్తే ‘అడ్రస్ ద ప్రాబ్లమ్’ దగ్గర ఆగిపోతారు. అక్కడ సమస్య సంగతి చూడటం. ‘వెదర్’ క్రియగా వస్తే తట్టుకుని నిలబడటం. ‘సౌండ్ స్లీప్’లో శబ్దం ఏమీ ఉండదు, గాఢ నిద్ర.

దీనికి పద్ధతి ఒకటే. నోట్‌బుక్‌లో పదానికి ఒక పేజీ కేటాయించడం. ఎడమవైపు పదం, దాని పక్కన చైనీస్ అర్థాల వరస వద్దు. ఆ పదం ఏ పాసేజీలో కనిపించిందో ఆ వాక్యాన్ని పూర్తిగా రాయాలి. మళ్లీ ఎప్పుడైనా వేరే అర్థంలో కనిపిస్తే అదే పేజీకి వచ్చి ఆ వాక్యం కింద చేర్చాలి. ఏడాది తిరిగేసరికి ‘అడ్రస్’ పేజీలో నాలుగు వాక్యాలు ఉంటాయి, ‘టేక్’ పేజీ చాలక పక్క పేజీకి పాకుతుంది. నెమ్మదిగా సాగే పని, ఒప్పుకుంటాను. కానీ పాసేజీ బిట్లు రెండున్నర మార్కుల చొప్పున పోతున్నప్పుడు ఈ నెమ్మదే లాభం.

ఒక పదం కుటుంబం మొత్తాన్ని కూడా అదే పేజీలో పెట్టండి: సక్సెస్, సక్సీడ్, సక్సెస్‌ఫుల్, సక్సెస్‌ఫుల్లీ. గ్రామర్ ఖాళీల్లో అడిగేది సరిగ్గా ఇదే.

గ్రామర్ ఖాళీలు ఎలా ప్రాక్టీస్ చేయించాలి?

చిన్న పాసేజీలో పది ఖాళీలు. కొన్నిటి పక్కన మూల పదం ఇస్తారు, రూపం మార్చి రాయాలి. కొన్నిటికి ఏమీ ఇవ్వరు. అక్కడ చాలావరకు ఆర్టికల్, ప్రిపొజిషన్, లేదా రెండు వాక్యాలను కలిపే మాట వస్తుంది. పాసేజీ విషయం తరచూ చైనా సంస్కృతే. 2021లో హువాంగ్‌షాన్ కొండల ప్రయాణం, 2022లో జెయింట్ పాండా నేషనల్ పార్క్, 2023లో షావ్‌లాంగ్‌బావ్ అనే పులుసు నిండిన కుడుములు. విషయం పిల్లలకు తెలిసిందే కాబట్టి, నేరుగా రూపం మీద దృష్టి పెట్టొచ్చు.

ప్రతి ఖాళీ దగ్గర పిల్లాడు తనని తాను ఒక్క ప్రశ్న అడగాలి: ఈ వాక్యంలో ఇప్పటికే అసలు క్రియ ఉందా? ఉంటే, ఇచ్చిన క్రియ ‘ఇంగ్’ రూపమో, ‘ఈడీ’ రూపమో, ‘టు’తో వచ్చేదో అయి ఉంటుంది. లేకపోతే కాలం చూసి రాయాలి. సగం ఖాళీలు ఈ ఒక్క ప్రశ్నతోనే తేలిపోతాయి.

చైనా పిల్లలు వాక్యాల్లో ఎక్కువగా ఎక్కడ తప్పుతారు?

చైనీస్‌లో క్రియ రూపం మారదు. నిన్న వెళ్లినా, రేపు వెళ్లినా, నేను వెళ్లినా, ఆమె వెళ్లినా క్రియ ఒకటే. అందుకే కాలాలు, ‘హి గోస్’లోని చివరి ‘ఎస్’, బహువచనం ‘ఎస్’, ‘ఎ’, ‘ద’లు జారిపోతూ ఉంటాయి. మన పిల్లలకు వెళ్లాడు, వెళ్లింది, వెళ్లారు అని క్రియ తోక మార్చే అలవాటు పుట్టుకతో ఉంది కాబట్టి ఆ చివరి ‘ఎస్’ సూత్రం చెబితే తొందరగా పట్టుకుంటారు. చైనా పిల్లలకు ఆ సూత్రం ఎందుకు ఉందో కూడా బోధపడదు.

మాట్లాడేటప్పుడు ‘హి’, ‘షి’ కలిసిపోతాయి. చైనీస్‌లో అతను, ఆమె రెండిటికీ ఉచ్చారణ ‘తా’నే, రాసేటప్పుడే అక్షరం వేరు. ఇంగ్లిష్ బాగా వచ్చిన పెద్దవాళ్లు కూడా మాటల్లో ఇక్కడ జారుతుంటారు.

‘ఆల్దో’ పెట్టి వాక్యం మొదలుపెట్టి మధ్యలో ‘బట్’ కూడా పెడతారు. ‘బికాజ్’కు ‘సో’ జత చేస్తారు. చైనీస్‌లో ఈ మాటలు జంటగానే నడుస్తాయి, విడదీస్తే వాళ్లకు వెలితిగా ఉంటుంది. ‘లైట్ తెరిచాను’ అంటారు, ఎందుకంటే తలుపు తెరవడానికి, లైట్ వేయడానికి, కారు నడపడానికి వాళ్లకు ‘కాయ్’ అనే ఒకే క్రియ.

తిడితే పోయే తప్పులు కావివి. ఒక వారం ఒక్క తప్పు మీదే కూర్చోండి. ఆ వారం దిద్దే ప్రతి పేజీలో ఆ తప్పుకు మాత్రమే ఎర్ర గీత పెట్టండి. పేజీ అంతా ఎర్రబారితే పిల్లాడు దేన్నీ చూడడు.

ఏ వాక్య నిర్మాణాలు నేర్పాలి?

ముందు ఐదు మూల నిర్మాణాలు: కర్త క్రియ, కర్త క్రియ కర్మ, కర్త ఎలా ఉందో చెప్పేది, రెండు కర్మలు ఉండేది, కర్మ ఏమైందో చెప్పేది. ఎంత పొడుగు వాక్యమైనా బరువు తీసేస్తే వీటిలో ఒకటే మిగలాలి. చైనీస్‌లో కూడా ఇంగ్లిష్ లాగే కర్త, క్రియ, కర్మ అదే వరసలో వస్తాయి కాబట్టి ఇక్కడ ఇబ్బంది ఉండదు. క్రియను చివర పెట్టే మనకే మొదట్లో ఇబ్బంది.

ఆ తర్వాత రాతలో మార్కులు తెచ్చేవి. వాటిని విడివిడిగా కంఠతా పట్టించకుండా, ఒకే విషయాన్ని మూడు రకాలుగా తిప్పి రాయించండి. ఉదాహరణకి మొదట మామూలుగా: ‘ఐ డిడ్‌న్ట్ నో ద ట్రూత్ అంటిల్ హి కేమ్.’ తర్వాత నొక్కి చెబుతూ: ‘ఇట్ వాజ్ నాట్ అంటిల్ హి కేమ్ దట్ ఐ న్యూ ద ట్రూత్.’ ఆ తర్వాత తలకిందులు చేసి: ‘నాట్ అంటిల్ హి కేమ్ డిడ్ ఐ నో ద ట్రూత్.’ మూడో దానిలో ‘డిడ్’ ముందుకు ఎందుకు దూకిందో, రెండో దానిలో ఎందుకు దూకలేదో పిల్లాడు తన నోటితో చెప్పగలిగితే ఆ పాఠం అయిపోయినట్టే. ‘ఓన్లీ బై’తో మొదలయ్యేవి, ‘నాట్ ఓన్లీ’తో మొదలయ్యేవి, ‘ఐ వాజ్ అబౌట్ టు లీవ్ వెన్’ లాంటివి ఇదే తీరున చేయించొచ్చు.

పెద్ద చిక్కు ఏమిటంటే, నేర్చుకున్నవన్నీ ఒకే ఉత్తరంలో కుక్కేస్తారు. ఫ్రెండ్‌ని టీకి పిలుస్తూ రాసే ఉత్తరంలో మూడు తలకిందుల వాక్యాలుంటే చదివేవాడికి నవ్వొస్తుంది. ఒక రచనకు రెండు, అంతకు మించొద్దు.

పొడుగు వాక్యం ఎదురైతే ఎలా విడగొట్టాలి?

ఈ వాక్యం చూడండి: ‘ద వాలంటీర్స్ హూ హ్యాడ్ స్పెంట్ ద హోల్ సమ్మర్ ప్లాంటింగ్ ట్రీస్ అలాంగ్ ద రివర్ వర్ సర్‌ప్రైజ్డ్ టు ఫైండ్ దట్ నియర్లీ హాఫ్ ఆఫ్ దెమ్ హ్యాడ్ బీన్ వాష్డ్ అవే.’

పిల్లాడు మొదట తడబడేది ‘రివర్ వర్’ దగ్గర. నదికి ‘వర్’ ఏమిటి? ఆ ‘వర్’ నదిది కాదు, ఎక్కడో వెనక ఉన్న వాలంటీర్లది. ‘హూ’ దగ్గర పెన్సిల్‌తో బ్రాకెట్ తెరిచి, ‘రివర్’ దగ్గర మూసేయమనండి. మిగిలింది చదవమనండి: వాలంటీర్లు ఆశ్చర్యపోయారు. ఇప్పుడు అస్థిపంజరం బయటపడింది. ఇక ‘దెమ్’. కొట్టుకుపోయింది ఎవరు? దగ్గర్లో ఉన్న మనుషుల్ని పట్టుకుంటే వాలంటీర్లలో సగం మంది వరదలో పోయినట్టు అవుతుంది. కొట్టుకుపోయింది చెట్లు. పాసేజీ కింద బిట్టు సరిగ్గా దీని మీదే వస్తుంది.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. మనం ‘వేసవంతా ఏటి ఒడ్డున చెట్లు నాటిన వాలంటీర్లు’ అంటాం. వర్ణన అంతా ముందు, మనిషి చివర. చైనీస్‌లోనూ అచ్చం అంతే, వర్ణన మొత్తం అయ్యాక ‘ద’ అనే చిన్న ముక్క, ఆ తర్వాత మనిషి. ఇంగ్లిష్‌లో మనిషి ముందు, వర్ణన వెనక. అంటే ఈ చోట చైనా పిల్లాడు ఎందుకు తికమకపడుతున్నాడో అమెరికా టీచర్ కన్నా మీకే బాగా తెలుస్తుంది. మీరూ ఒకప్పుడు అక్కడే తికమకపడి ఉంటారు.

పాసేజీలు ఏ వరసలో, రోజుకి ఎన్ని?

నాలుగు పాసేజీల్లో మొదటిది సాధారణంగా నోటీసు, ప్రకటన, ట్రావెల్ సమాచారం లాంటిది. రెండోది తరచూ ఎవరో ఒకరి కథ. మూడు, నాలుగు వివరణ వ్యాసాలు: సైన్స్, పర్యావరణం, ఏదైనా కొత్త ఆలోచన. బిట్లు నాలుగు రకాలు: వివరం ఎక్కడుందో వెతికేవి, చెప్పకుండా చెప్పింది ఊహించేవి, ఫలానా మాటకు అర్థం అడిగేవి, మొత్తానికి సారాంశం లేదా శీర్షిక అడిగేవి.

గావో యీలో రోజుకి ఒక పాసేజీ చాలు, కానీ మర్నాడు దాన్నే మళ్లీ గట్టిగా చదవాలి. చైనా స్కూళ్లలో పొద్దున్నే క్లాసు మొదలయ్యే ముందు ‘జావ్‌దూ’ అని గట్టిగా చదివే పీరియడ్ ఉంటుంది. క్లాసంతా ఒకేసారి, ఎవరికి వాళ్లు వేరే పేజీ. బయటివాళ్లకు సంతలా వినిపిస్తుంది. కానీ ముందు రోజు పాసేజీకి ఇంతకన్నా మంచి టైమ్ లేదు.

గావో సాన్‌కి వచ్చాక వాచీ పెట్టుకుని నాలుగు పాసేజీలూ కలిపి చేయాలి. చదువుతూ మనసులో చైనీస్‌లోకి తర్జుమా చేసుకునే అలవాటు అప్పటికి పోకపోతే టైమ్ చాలదు. అది పోవడానికి నాకు తెలిసిన మందు ఒకటే, పిల్లాడి స్థాయి కన్నా తేలికైనవి ఎక్కువగా చదివించడం. చాలామంది తల్లిదండ్రులు దీనికి ఒప్పుకోరు. తేలికైనది చదివితే టైమ్ వేస్ట్ అంటారు. రోజూ కష్టమైనదే చదివితే వచ్చేది డిక్షనరీ తిరగేసే నేర్పే.

‘ఏడింట్లో ఐదు’లో ఎప్పుడూ రెండు పోతున్నాయి.

ఒకటి మారితే ఇంకొకటి మారుతుంది కాబట్టి రెండేసి పోతాయి. ఖాళీకి ముందు వాక్యం, తర్వాత వాక్యం చూడాలి. ‘దిస్’, ‘దే’, ‘హౌఎవర్’ లాంటివి దేన్ని చూపిస్తున్నాయో పట్టుకోవాలి. తేలికైన ఖాళీ ముందు నింపండి. వరస ముఖ్యం కాదు.

కథ పూర్తి చేసే ప్రశ్నకు 25 మార్కులు. దీన్ని ఎలా నేర్పాలి?

2016లో జెజియాంగ్ ప్రావిన్స్‌లో మొదలై, ఇప్పుడు చాలాచోట్లకు పాకిన ప్రశ్న ఇది. ఒక కథ సగంలో ఆగుతుంది. తర్వాతి రెండు పేరాలకు మొదటి వాక్యాలు మాత్రం ఇస్తారు. మిగతాది పిల్లాడు 150 పదాల్లో నింపాలి.

2024 జాతీయ పేపర్ ఒకదానిలో కథ వియన్నాలో జరుగుతుంది. చెప్పేవాడికి ప్రాగ్ వెళ్లే బస్సు అందుకోవాలి. ఆలస్యమైపోయింది. టాక్సీ డ్రైవర్ సందుల్లోంచి తీసుకెళ్లి టైమ్‌కి చేరుస్తాడు. తీరా చూస్తే కార్డు మెషీన్ పనిచేయదు, చేతిలో నగదు లేదు. రెండో పేరా మొదటి వాక్యం: నాలుగు రోజుల తర్వాత వియన్నా తిరిగొచ్చి, మాటిచ్చినట్టే డ్రైవర్‌కి ఫోన్ చేశాను. ఆ రెండో వాక్యం చదివినవాడికి మొదటి పేరా ఎక్కడికి చేరాలో తెలిసిపోతుంది: డ్రైవర్ తనను నమ్మి వెళ్లనివ్వాలి, తను మాట ఇవ్వాలి. చాలామంది పిల్లలు రెండో వాక్యం చూడకుండానే మొదటి పేరా రాసేసి, మధ్యలో ఎవరో దాత వచ్చి డబ్బు కట్టేసినట్టు తేలుస్తారు. తర్వాత రెండు పేరాలూ అతకవు.

కోచింగ్‌లో దీనికోసం వాక్యాలు బట్టీ కొట్టిస్తారు. కన్నీళ్లు చెంపల మీద జారుతుంటాయి, గుండె డప్పులా కొట్టుకుంటుంది, సూర్యకాంతి ముఖం మీద పడుతుంది. వేల మంది పేపర్లలో అవే కన్నీళ్లు. కార్డు మెషీన్ చెడిపోతే ఏడ్చేదెవరు? నేనైతే పిల్లలకు ఒక్కటే చెబుతాను: ప్రతి పేరాలో మనిషి రెండు పనులు చేయాలి, ఒక మాట అనాలి. డ్రైవర్ మీటర్ ఆపేసి, కార్డు మీద నంబర్ రాసిచ్చి, ‘బస్సు వెళ్లిపోతుంది, పరిగెత్తు’ అన్నాడనుకోండి. ఇందులో జాబితా దాటిన పదం ఒక్కటీ లేదు, కథ మాత్రం కదిలింది.

లీ హువా ఎవరు?

ఉత్తరం రాసే ప్రశ్నలో ‘మీరు లీ హువా అనుకోండి’ అని దశాబ్దాలుగా వస్తున్న ఊహాపాత్ర. విదేశీ మిత్రుడిని పిలవడం, స్కూల్ పత్రికకు రాయడం, టీచర్‌కి సలహా ఇవ్వడం, అన్నీ ఇతనే. పేపర్‌లో సొంత పేరు రాయకూడదు, సంతకం లీ హువా అనే పెట్టాలి. సొంత పేరు రాసే అలవాటు ఇంటి ప్రాక్టీస్‌లోనే మాన్పించండి.

చేతిరాతకు మార్కులుంటాయా?

విడిగా ఉండవు. కానీ జవాబు పత్రాల్ని స్కాన్ చేసి, కంప్యూటర్ తెర మీద దిద్దుతారు. దిద్దేవాళ్ల ముందు రోజంతా వరసగా పేపర్లు వెళ్తుంటాయి. అందుకే హెబెయ్ ప్రావిన్స్‌లోని హెంగ్‌ష్వే పేరు మీద ఒక రాత పద్ధతే పుట్టింది. అక్షరాలు గుండ్రంగా, నిటారుగా, ఒకే ఎత్తులో, అచ్చు వేసినట్టు ఉంటాయి. దానికోసం కాపీ పుస్తకాలు కూడా అమ్ముతారు. అంత దూరం పోనక్కర్లేదు గానీ, గొలుసుకట్టు రాత మానేసి విడి అక్షరాలు రాయడం, కొట్టివేత ఉంటే ఒకే గీత పెట్టడం, గీసిన గడి దాటకపోవడం మాత్రం తప్పనిసరి. గడి దాటింది స్కాన్‌లో రాదు.

తప్పుల నోట్‌బుక్ అందరికీ ఉంటుంది. అయినా అవే తప్పులు ఎందుకు?

‘చ్వోతీబెన్’ అని ప్రతి పిల్లాడి దగ్గరా ఉంటుంది. మూడు రంగుల పెన్నులతో ప్రశ్నను అందంగా ఎక్కించడంతోనే ఓపిక అయిపోతుంది. ప్రశ్న రాయక్కర్లేదు. ఏ ఆప్షన్ పెట్టాను, అది ఎందుకు నిజమనిపించింది, ఈ రెండు లైన్లు చాలు. వారానికి ఒకసారి చదవకపోతే ఆ నోట్‌బుక్ ఉన్నా లేనట్టే.

ఇంత చదివినా మాట్లాడటం రాదంటారు, నిజమేనా?

చాలామంది విషయంలో నిజం. దాన్ని చైనాలోనే ‘మూగ ఇంగ్లిష్’ అంటారు. మాట్లాడటానికి మార్కులు లేని ప్రావిన్స్‌లో ఎవరికీ తీరిక ఉండదు. మార్కులున్న గ్వాంగ్‌డాంగ్, బీజింగ్ లాంటి చోట్ల పిల్లలు హెడ్‌ఫోన్ పెట్టుకుని ప్రాక్టీస్ చేస్తారు. పొద్దున గట్టిగా చదివిన పాసేజీని పుస్తకం మూసి సొంత మాటల్లో నాలుగు వాక్యాల్లో చెప్పించండి. కథ పూర్తి చేసే ప్రశ్నకు కూడా ఇది పనికొస్తుంది కాబట్టి తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పరు.

ఆఖరి మూడు నెలల్లో కొత్త పదాలు మొదలుపెట్టొచ్చా?

వద్దు. పాత పేపర్లలో వచ్చిన పాసేజీలు మళ్లీ చదవడం, వాటిలో దాటేసిన పదాలు చూసుకోవడం చాలు. టైమ్ పంచుకోవడం మాత్రం ప్రాక్టీస్ చేయాలి. నేను చెప్పే లెక్క: లిజనింగ్‌కి ఇరవై నిమిషాలు, పాసేజీలకీ ‘ఏడింట్లో ఐదు’కీ కలిపి దాదాపు నలభై, రెండు రకాల ఖాళీలకు ఇరవై, మిగతా నలభై రాతకి. బబుల్స్ నింపడాన్ని చివరికి ఉంచొద్దు. ఒక్కో విభాగం అవగానే నింపేయాలి.

ఇండియాలో కూర్చుని చైనా పిల్లలకు ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ చెప్పి సంపాదించొచ్చా?

ఒకప్పుడు ఆ వ్యాపారం పెద్ద ఎత్తున నడిచింది. 2021 జూలైలో చైనా ప్రభుత్వం ట్యూషన్ల మీద కఠినమైన నిబంధనలు తెచ్చింది. అందులో విదేశాల్లో ఉన్న విదేశీయులను నియమించుకుని పాఠాలు చెప్పించకూడదని ట్యూషన్ సంస్థలకు స్పష్టంగా ఉంది. ఎవరైనా ఏజెంట్ దీనికోసం రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే కట్టకండి.

చైనా వెళ్లి టీచర్‌గా చేరడానికీ వర్క్ పర్మిట్ దగ్గర సాధారణంగా ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దేశాల పాస్‌పోర్ట్ అడుగుతారు. మినహాయింపులు ఉన్నా, కాగితాలు చాలా కావాలి. స్టూడెంట్ వీసా మీద అక్కడ ఎంబీబీఎస్ చదువుతూ, అనుమతి లేకుండా ట్యూషన్లు చెప్పడం మాత్రం వద్దు. పట్టుబడితే జరిమానా పడుతుంది, వీసాకీ ఎసరొస్తుంది.